ఎండ సిటీల్లో బిల్డింగ్ నీడ సరిపోతుందా, చెట్లే కావాలా?

మేడపిట్ట: నా ఉద్దేశం ఏంటంటే బిల్డింగులు ఎత్తుగా, దగ్గర దగ్గరగా కడితే కట్టిన రోజు నుంచే నీడ ఉంటుంది, చెట్టు పెరిగేదాకా ఏళ్లకేళ్లు ఆగక్కర్లేదు, నీళ్లు పొయ్యక్కర్లేదు. మొరాకోలో ఫెజ్ పాతబస్తీ చూడండి, అక్కడి ఇరుకు సందుల మీద 2006లో ఒక స్టడీ వచ్చింది, ఎండాకాలం పగటిపూట కొత్త ఏరియాలోని వెడల్పు రోడ్డు కంటే గాలి సగటున 6 డిగ్రీలు చల్లగా ఉందట.

శ్రావణి_ప్లానర్: మరి రాత్రి సంగతేంటండీ? గోడలు పగలంతా పీల్చుకున్న వేడిని చీకటి పడ్డాక వదుల్తాయి, ఇరుకు సందులో పైన ఆకాశం కాస్తే కనపడుతుంది కాబట్టి ఆ వేడి త్వరగా పైకి పోదు, గాలీ ఆడదు. పైగా ఉష్ణమండలంలో వేసవి మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, 20 అంతస్తులున్నా నీడ గోడ మొదట్లోనే ఆగిపోతుంది. తూర్పు పడమరలుగా పోయే రోడ్డైతే మరీ ఘోరం, దాదాపు రోజంతా ఎండే.

నడకమనిషి: ఇద్దరూ గాలి ఎంత వేడిగా ఉందన్న దగ్గరే ఆగిపోయారు. మామూలు రోడ్డు మీద నీడలోకెళ్తే గాలి ఉష్ణోగ్రత పెద్దగా తగ్గదు, తగ్గేది ఒంటికి తగిలే రేడియంట్ హీట్, అంటే నేరుగా పడే ఎండ ప్లస్ రోడ్డూ గోడలూ కక్కే వేడి అన్నీ కలిపి. మీన్ రేడియంట్ టెంపరేచర్ అంటారు, ఎండలోంచి నీడలోకి వస్తే అది 20, 30 డిగ్రీలు కూడా పడిపోవచ్చు. అందుకే జనం సిగ్నల్ దగ్గర స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు నిలబడతారు, నీడున్న వైపుకి రోడ్డు దాటి మరీ నడుస్తారు. లాస్ ఏంజెలెస్‌లో రోడ్డుకి లేత రంగు పూత వేస్తే రోడ్డైతే చల్లబడింది గానీ, దాని మీద నడిచేవాళ్లకి కింద నుంచి ఎండ ఎదురుకొట్టి మధ్యాహ్నం ఇంకా ఎక్కువ వేడి తగిలింది. అద్దాల బిల్డింగుల ముందు కూడా ఈ ఇబ్బందే.

మేడపిట్ట: సరే, మిట్టమధ్యాహ్నానికి బిల్డింగునే ఫుట్‌పాత్ మీదకి జరపొచ్చుగా. సింగపూర్‌లో 1822 టౌన్ ప్లాన్ నుంచే షాపుల ముందు వరసగా కప్పున్న వరండా ఉండాలని రూల్ ఉంది, సూర్యుడు ఎక్కడున్నా నడిచేవాడి నెత్తిన కప్పుంటుంది, వానకీ పనికొస్తుంది.

శ్రావణి_ప్లానర్: దీనికి నేనూ ఓకే అండి, కాకపోతే షాపులవాళ్లు సామాన్లు పెట్టి ఆ వరండా ఆక్రమించకుండా చూడాలి. ప్లాన్ అప్రూవల్‌లో ఎన్ని అంతస్తులు అని అడిగినట్టే ఎండాకాలం 12కి, 3కి ఫుట్‌పాత్ మీద ఎంత నీడ పడుతుందో డ్రాయింగ్ అడగాలి. నీడ పడని చోట్ల చెట్లు పెట్టించాలి.

నడకమనిషి: ఆ డ్రాయింగ్‌లో బస్టాపు, క్రాసింగ్ కూడా చూపించమనండి. నడిచేవాడు నీడ వెతుక్కుంటాడు, బస్సు కోసం ఆగినవాడు ఎక్కడికీ పోలేడు.