మూలలు కోసిన లావుపాటి ఇంగ్లీషు ఫాంటు పక్కన తెలుగు, కన్నడ అక్షరాలు ఎలా ఇమడాలి?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)

మా బావగారు ఇక్కడ జిమ్ తెరుస్తూ బోర్డు డిజైన్ నాకు అప్పగించారు. ఇంగ్లీషు పేరుకు వంపు అన్నదే లేకుండా, మూలలన్నీ ఏటవాలుగా కోసిన లావుపాటి సాన్స్ సెరిఫ్ (గీతల కొసలకు తోకలు లేని) ఫాంటు ఎంచుకున్నాను. ఇనుప పలక నుంచి కోసి తీసినట్టుండే ఆ అక్షరాలు బరువులెత్తే చోటికి చక్కగా సరిపోయాయి. కర్ణాటకలో 2024లో వచ్చిన సవరణ చట్టం ప్రకారం నామఫలకంలో 60 శాతం కన్నడం, అదీ పైభాగాన, ఉండాలి కనుక ముందు కన్నడం, దాని కింద ఇంగ్లీషు, ఈ వీధుల్లో మనవాళ్లు ఎక్కువ కాబట్టి చివర తెలుగు పెట్టాలని అనుకున్నాము. అయితే ఆ ఇంగ్లీషు ముందు మిగిలిన రెండు లిపులూ మెత్తగా, పొంతన లేకుండా కనిపిస్తున్నాయి. వాటి వంపులను కూడా కోణాలుగా మార్చవచ్చునా? పేరులో ‘భ’, ‘ధ’ రెండూ ఉన్నాయి.

జవాబు: పాత డీటీపీ ఆపరేటర్

మీరు ఎంచుకున్న తరహా కొత్తదేమీ కాదండీ. అమెరికా ఫాంటు రూపకర్త మోరిస్ ఫుల్లర్ బెంటన్ 1930లో గీసిన బ్యాంక్ గోథిక్ ఫాంటులోనే ఈ చతురస్రపు పోకడ ఉంది. 1970లో వచ్చిన ఐటీసీ మెషీన్ అనే ఫాంటు అయితే వంపులను పూర్తిగా వదిలేసి, మూలలను నరికిన పెద్ద అక్షరాలతోనే నిలబడింది. రెండు మూడు మాటలను దూరం నుంచి చదివించడం వీటి పని కాబట్టి ఆటగాళ్ల జెర్సీలు, పోటీల బ్యానర్లు, యంత్రాల పేర్లు, సినిమా టైటిళ్ల మీద ఇవి రాణిస్తాయి. ఫీజుల పట్టికనూ, వేళలనూ మాత్రం వీటితో రాయించకండి. మూలలు కోసిన ‘ఓ’కూ ‘డీ’కీ, ఎనిమిది అంకెకూ ‘బీ’కీ మధ్య ఉన్న తేడా అంతా ఎడమవైపు మూలల్లోనే ఉంటుంది, అక్షరం చిన్నదయితే మొదట కనబడకుండా పోయేది అదే. ఫోన్ నంబరుకు మామూలు ఫాంటు వాడండి.

జవాబు: లిపి మీద మమకారం ఉన్న ఒకరు

నా సలహా, తెలుగు వంపులను కోణాలుగా మార్చవద్దు. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో సగానికి పైగా సరళరేఖలతోనే ఏర్పడ్డాయి కనుక మూల కోసినా వాటి స్వరూపం చెడదు. మన అక్షరాలకు వంపే ఎముక. ‘ద’ కింద చిన్న గీత చేరితే ‘ధ’, దాని లోపల చుక్క పెడితే ‘థ’ అవుతాయి. గీత మందం పెంచి, పైగా మూలలు కోస్తే ఆ చిన్న గీత పక్కనున్న సందు పూడిపోయి, మీ పేరులోని ‘ధ’ను జనం ‘ద’గా చదువుతారు. కన్నడానికి తలకట్టు కొంత అడ్డంగా సాగుతుంది కాబట్టి అది కోణాలను కాస్త ఓర్చుకుంటుంది. టిక్కు గుర్తులా లేచే మన తలకట్టు అంతగా ఓర్చుకోదు.

పొంతన కుదరాల్సింది మూలల్లో కాదు, మందంలోనూ వెడల్పులోనూ. ఫాంట్లు తయారుచేసే ఏక్ టైప్ వారి అనేక్ ఫాంట్ల కుటుంబంలో తెలుగు, కన్నడం రెండూ ఉన్నాయి. మందం 100 నుంచి 800 వరకు, వెడల్పు 75 నుంచి 125 వరకు మార్చుకోవచ్చు. మందాన్ని 800కు, వెడల్పును 75కు దగ్గరగా పెట్టి, ఇంగ్లీషు నిలువు గీత లావుతో పోల్చి చూడండి. తెలుగుకు మాత్రమే అయితే రామభద్ర అనే ఫాంటు కూడా బరువైనదే. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి కనుక వ్యాపారపు బోర్డుకు వాడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

జవాబు: బోర్డుల తయారీదారు

పైన చెప్పినదాన్ని చాలావరకు ఒప్పుకుంటాను గానీ, వ్యాసమంతా కాక ఒక్క పేరే కాబట్టి ఆ నాలుగైదు అక్షరాలను చేత్తో గీయించుకోవడంలో తప్పు లేదు. బయటి వంపులను మాత్రం రెండు మూడు చోట్ల ఏటవాలుగా కోసి, లోపలి ఖాళీలను గుండ్రంగానే వదిలేస్తే ఇంగ్లీషుతో చుట్టరికం కుదురుతుంది, చదవడానికీ ఇబ్బంది ఉండదు.

పనిలో తెలిసే సంగతులు కొన్ని ఉన్నాయి. వినైల్ స్టిక్కరైతే సూదిగా ఉన్న మూలే ఎండకూ వానకూ ముందుగా లేస్తుంది. కాబట్టి మూల కొసను కంటికి కనబడనంత గుండ్రం చేయించండి. ఏసీపీ (అల్యూమినియం పొరల) షీటును సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం)తో కోయిస్తే తిరిగే బిట్, అంటే కోసే ములుకు, గుండ్రంగా ఉంటుంది కనుక లోపలి మూల ఎప్పటికీ పదునుగా రాదు, బిట్ కన్నా సన్నటి సందు అసలే రాదు. ‘ధ’ కింది సందును ముందే వెడల్పు చేసి పంపడం మంచిది. లోపల ఎల్ఈడీలు పెట్టే అక్షరాలకు కోణాలది లాభమే: పక్కగోడ రేకును మూల దగ్గర గాటు పెట్టి వంచితే చాలు, వంపులకైతే అంగుళం అంగుళం తిప్పాలి, కూలీ పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. అనేక్‌తో కన్నడం, తెలుగు సరిచూసి, పేరులో బయటి మూలలు మాత్రమే కోయిస్తాను. ఒక్క సందేహం: నా ఫైలు షాపులో తెరిస్తే ఒత్తులు విడిపోతున్నాయి, ఎందుకు?

జవాబు: పాత డీటీపీ ఆపరేటర్

అక్కడి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపులను సరిగా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోయినా అలాగే జరుగుతుంది. పేరంతా కర్వ్‌లుగా (ఫాంటు అవసరం లేని బొమ్మగీతలుగా) మార్చి పీడీఎఫ్ పంపండి; మార్చకముందున్న ఫైలును మీ దగ్గర విడిగా దాచుకోండి, ఎందుకంటే కర్వ్‌లయ్యాక అక్షరదోషం దిద్దడం కుదరదు.