వజ్రంలో ఓడీఎంఆర్ (ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్‌ను వెలుగుతో చూసే పద్ధతి) డిప్ కనబడడం లేదు, ఎక్కడ తప్పుతా ఉన్నా?

ప్రశ్న (తిరుపతి, ఎమ్మెస్సీ ప్రాజెక్టు):
ఎన్‌వీ సెంటర్లున్న (కార్బన్ బదులు నైట్రోజన్, దాని పక్కన ఖాళీ ఉండే లోపాలు) వజ్రం ముక్క మీద 532 నానోమీటర్ల పచ్చ లేజర్ వేసి, మైక్రోవేవ్‌ను 2.82 నుంచి 2.92 గిగాహెర్ట్‌జ్ దాకా తిప్పుతా ఉన్నా. 2.87 దగ్గర ఎర్ర వెలుగు తగ్గాల, అదే డిప్. నాలుగు రోజులుగా గీత చదునుగానే వస్తా ఉంది. డిప్ చీలేది కూడా చూద్దామని పక్కన చిన్న నియోడైమియం అయస్కాంతం పెట్టినా. ఫోటోడయోడ్ సిగ్నల్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఇంకోటి, ఈఎస్ఆర్ (స్పిన్ రెజొనెన్స్‌ను మైక్రోవేవ్ శోషణతో కొలిచే) మిషనుండగా వెలుగుతో ఎందుకు చూడాలని గైడు సార్ అడిగితే నోరు పెగల్లేదు.

జవాబు (చిత్తూరు, రిటైరైన లెక్చరర్):
ముందా అయస్కాంతం తీసి అవతల పెట్టు నాయనా. గాస్‌కు (అయస్కాంత క్షేత్రం కొలత) 2.8 మెగాహెర్ట్‌జ్ చొప్పున డిప్ పక్కకు జరుగుతుంది. అక్షం వెంబడి 100 గాస్ పడితే 280 జరిగిపోతుంది, నువ్వు వెతికేది అటూ ఇటూ 50లోనే. పైగా ఎన్‌వీ అక్షాలు నాలుగు దిక్కులు, ఎనిమిది డిప్‌లుగా చీలి ఒక్కొక్కటీ బక్కచిక్కుతుంది. భూమి క్షేత్రం మన పక్క 0.4 గాసే, దాన్ని వదిలెయ్.

సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందన్నావే, నా అనుమానమంతా అక్కడే. వజ్రం తీసేసి గాజు స్లైడు ముక్క పెట్టి చూడు. సిగ్నల్ అట్లే ఉంటే నువ్వు కొలిచేది లేజర్‌నే. డిప్ మహా అయితే ఒకట్రెండు శాతం, పచ్చ వెలుగు కలిస్తే అదీ మునిగిపోతుంది.

గైడుగారి ప్రశ్న మంచిది. 2.87 గిగాహెర్ట్‌జ్ ఫోటాన్ శక్తి 12 మైక్రో ఎలక్ట్రాన్ వోల్టులు, గది వేడిమి దానికి రెండువేల రెట్లు. అందుకే శక్తి మట్టాల మధ్య స్పిన్ల తేడా వేలల్లో ఒక వంతు. అది మైక్రోవేవ్ శోషణలో చూడడమంటే బ్రహ్మోత్సవాల్లో మాడవీధిలో గుసగుస విన్నట్టే. ఇక్కడ పచ్చ వెలుగే స్పిన్లను సున్నా స్థితిలోకి (స్పిన్‌కుండే 0, +1, -1 మూడు స్థితుల్లో ఒకటి) తోస్తుంది. మైక్రోవేవ్ వాటిని ±1కి లేపితే, కొన్ని ఎర్ర వెలుగివ్వని దొడ్డిదారిన దిగుతాయి, అదే డిప్. మనం లెక్కపెట్టేది బలమైన ఎర్ర ఫోటాన్లను, కాబట్టి 1997లోనే ఒక్క ఎన్‌వీ సెంటర్ రెజొనెన్స్ కూడా పట్టుకున్నారు.

జవాబు (శ్రీకాళహస్తి, ఎలక్ట్రానిక్స్ పని):
రాగి తీగ లూపు వజ్రానికి ఆనుకొని ఉండాల తమ్ముడూ. జనరేటర్ పవర్ ఒక్కటే చాలదు, యాంప్లిఫయర్ పెట్టు. లూపు తగిలించకుండా దాన్ని మాత్రం ఆన్ చెయ్యొద్దు, నేనొకటి కాల్చుకున్నా. మైక్రోవేవ్‌ను కిలోహెర్ట్‌జ్ వేగంతో ఆన్ ఆఫ్ చేస్తా, లాక్‌-ఇన్‌తో (అదే వేగంతో మారే సిగ్నల్‌ను మాత్రమే పట్టే యాంప్లిఫయర్) చూడు. లేజర్ ఊగిసలాట పక్కకు పోతుంది.

ప్రశ్న అడిగినతను:
గాజు పెట్టినా సిగ్నల్ తగ్గలేదు సార్! ఫిల్టర్ 650 లాంగ్‌పాస్ (650 నానోమీటర్ల పైనున్న వెలుగునే వదిలేది) అనుకున్నా, డబ్బీ మీద 500 ఉంది. పచ్చ నేరుగా దూరిపోతా ఉండింది. 650ది అరువు తెచ్చి, అయస్కాంతం తీసి, లాక్‌-ఇన్ పెడితే డిప్ వచ్చేసింది. కానీ 2.870 కాదు, 2.869.

లెక్చరర్:
అది తప్పు కాదులే. వజ్రం వేడెక్కితే డిగ్రీకి 74 కిలోహెర్ట్‌జ్ కిందికి దిగుతుంది. మన ఎండాకాలం, పైన లేజర్, పక్కన యాంప్లిఫయర్ వేడి, పద్నాలుగు డిగ్రీలు పెద్ద సంగతా? ఫ్యాను గాలి వజ్రం మీదికి తిప్పి మళ్లీ కొలువు, ఎంత జరిగిందో ఇక్కడ రాయి.