ఒలాంజపిన్ వాడుతున్న తమ్ముడికి షుగర్, మతిమరుపు: ఏం చేయాలి?

మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు. దానికి ఒలాంజపిన్ అనే మందు మొదలుపెట్టాక చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండటం తగ్గింది, నిద్ర పడుతోంది. కానీ విపరీతమైన ఆకలి. అర్ధరాత్రి లేచి గిన్నెలో మిగిలిన అన్నం ఊడ్చి తినేస్తాడు. బరువు, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ పెరిగాయి.

ఈ మందుతో బరువు, షుగర్ పెరగొచ్చని తెలుసు. నా టెన్షన్ ఇంకోటి: కొట్టుకి పంపితే రెండు వస్తువులు కూడా గుర్తుండటం లేదు. ఇది జబ్బు వల్లా, షుగర్, బీపీల వల్లా? రెండింటివల్లా రావచ్చంటున్నారు. సైకియాట్రిస్టు గుండె డాక్టర్ని అడగమంటారు, ఆయనేమో మానసిక జబ్బు మందుల జోలికి రానంటారు.

మందు మాన్పించే ఉద్దేశం లేదు. మీ ఇంట్లో ఎవరికైనా డాక్టరు మందు మార్చినా, మెట్‌ఫార్మిన్ (షుగర్ మందు) చేర్చినా, రోజూ నడిపించినా బరువుతో పాటు మతిమరుపూ తగ్గిందా? హైదరాబాద్‌లో మానసిక జబ్బు, షుగర్-బీపీ రెండూ కలిపి చూసే డాక్టర్లుంటే దయచేసి చెప్పండి.