అప్‌డేట్: విజయవాడ ఇంటి కంప్యూటర్‌లోని ఆటలు గుంటూరులో నడుస్తున్నాయి

పటమటలోని మా ఇంటి కంప్యూటర్‌లో సన్‌షైన్ (ఆటను వేరే యంత్రానికి పంపే సాఫ్ట్‌వేర్) ఉంది, దాన్ని అందుకుని చూపే మూన్‌లైట్ యాప్‌తో ఇంట్లో టీవీకి ఆట చక్కగా అందుతోంది, గుంటూరు గదిలోని ల్యాప్‌టాప్‌కు మాత్రం అందడం లేదని అడిగాను కదా. ఇప్పుడు అందుతోంది. సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు.

రౌటర్‌లో వ్యాన్ చిరునామా (ఇంటర్నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చే ఐపీ చిరునామా) చూడమన్న సలహాతోనే చిక్కుముడి వీడింది. అది 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవి సీజీన్యాట్ చిరునామాలు. అంటే, బయటి ఇంటర్నెట్‌కు కనిపించే ఒకే పబ్లిక్ చిరునామాను చాలా ఇళ్లు పంచుకుంటాయి. ఇంటికి వచ్చిన ఇంటర్నెట్ టెక్నీషియన్ కూడా అదే చెప్పారు. అలాంటప్పుడు మన రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను ఇంట్లోని కంప్యూటర్‌కు మళ్లించడం) ఎంత చేసినా ఫలితం ఉండదు. స్టాటిక్ ఐపీకి (మన ఇంటికే ఇచ్చే, మారని పబ్లిక్ చిరునామాకు) విడిగా రుసుము అడిగారు, వద్దన్నాను.

రెండు యంత్రాల్లో టెయిల్‌స్కేల్ (వేర్వేరు చోట్ల ఉన్న యంత్రాలను ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే యాప్) పెట్టి, ఒకే ఖాతాతో లాగిన్ అయి, అది ఇచ్చిన చిరునామాను మూన్‌లైట్‌లో చేర్చగానే కలిసింది. (అది కూడా 100తోనే మొదలవుతుంది, కంగారు పడకండి.) మొదట బొమ్మ బాగా ఆలస్యంగా వచ్చేది. చూస్తే, డేటా నేరుగా కాకుండా రిలే (మధ్యలో ఉండే సర్వర్) మీదుగా వెళ్తోంది. రెండు చోట్లా ఐపీవీ6 (పబ్లిక్ చిరునామాను పంచుకునే అవసరం లేని కొత్త తరం చిరునామాల పద్ధతి) ఆన్ చేశాక నేరుగా కలిసింది, ఆలస్యం పోయింది. ఈ రెండో మెట్టును వదిలేయకండి.

గ్రాఫిక్స్ డ్రైవర్, కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి), ఫైర్‌వాల్ మార్పులకు ఈ సమస్యతో సంబంధమే లేదు.