అసర్ (సాయంత్రం నమాజు) తర్వాత మసీదుకెళ్తే రెండు రకాతులు (నమాజు విడతలు) చదవొచ్చా?

తుంగభద్ర:
అస్సలాము అలైకుం. నిన్న కర్నూలులో మా బంధువుల వీధి మసీదుకి వెళ్లాను. అసర్ దారిలోనే జమాత్‌తో (అందరితో కలిసి) చదివేశా. మగ్రిబ్‌కి, అంటే పొద్దు గుంకాక చదివే నమాజుకి, ఇంకా గంట ఉంది. కూర్చోకముందు తహియ్యతుల్ మస్జిద్, అంటే మసీదులోకి రాగానే చదివే రెండు రకాతులు, మొదలుపెట్టా. రుకూలో (నడుం వంచి) ఉండగా ఒక పెద్దాయన వెనక నుంచి చొక్కా పట్టి లాగాడు. మక్రూ టైం (నమాజు వద్దన్న వేళ) తెలీదా అని అందరి ముందూ అరిచాడు. మసీదులోకొస్తే రెండు రకాతులు చదివే కూర్చోమని ప్రవక్త అనుచరుడు అబూ ఖతాదా చెప్పిన హదీసు (ప్రవక్త మాట) బుఖారీ గ్రంథంలో ఉంది కదా. తప్పెవరిది?

మిర్చియార్డు:
వలైకుం సలాం. నీదే తమ్ముడూ. అసర్ తర్వాత పొద్దు గుంకేదాకా, ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత పొద్దు పొడిచేదాకా నమాజు లేదని అదే బుఖారీలో ఉంది. ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉఖ్బా బిన్ ఆమిర్ చెప్పిన మూడు వేళలు ఇంకా గట్టివి: సూర్యుడు పొడిచేటప్పుడు, నడినెత్తిన ఉన్నప్పుడు, గుంకేటప్పుడు. అప్పుడు మయ్యిత్‌ని (శవాన్ని) పూడ్చొద్దని కూడా అన్నారు. పొడిచేటప్పుడు, గుంకేటప్పుడు సూర్యుడికి సజ్దా చేసేవాళ్లు (సాష్టాంగపడేవాళ్లు) ఉన్నారు, వాళ్లలా ఉండకూడదని. హనఫీ ధర్మశాస్త్ర పద్ధతి వాళ్లకి కారణం ఉన్నా నఫిల్ (ఐచ్ఛిక నమాజు) నఫిలే, ఆ వేళల్లో కుదరదు.

బార్కస్_కుర్రోడు:
మేం షాఫయీ పద్ధతి వాళ్లం. మసీదులోకి రావడం లాంటి కారణం ఉన్న నమాజుకి ఆ నిషేధం లేదు. రోజూ చదువుతాం, ఇంతవరకు ఎవరి చొక్కా చిరగలేదు 😀

గోడగడియారం:
అసలు సమస్య 'జవాల్' అనే మాట. మా మసీదు బోర్డు మీద మక్రూ వేళకి ఏడాదంతా ఒకటే అంకె, జవాల్ 12:10. జవాల్ అంటే పొద్దు వాలడం. వాలిందంటే జుహర్ (మధ్యాహ్నం నమాజు) వేళ వచ్చినట్టే, నిషేధం పోయినట్టే. పైగా కర్నూలు లెక్కన నడినెత్తి నవంబర్ మొదట్లో 12:01కి, ఫిబ్రవరిలో 12:32కి. చెప్తే కమిటీ వినదు.

నైట్‌డ్యూటీ:
నాకో డౌట్. డ్యూటీ చేసొచ్చి నిద్రపోతే జుహర్ తప్పిపోతోంది. అసర్ తర్వాత ఖజా (తప్పిపోయిన నమాజు) చదవొచ్చా?

తుంగభద్ర:
మిర్చియార్డు భాయ్, ప్రవక్త (స) అసర్ తర్వాత రెండు రకాతులు చదివారని ఆయన భార్య ఉమ్మె సలమా హదీసు ఉంది. అబ్దుల్ ఖైస్ తెగ వాళ్లు రావడంతో జుహర్ తర్వాతి రెండూ ఆగిపోతే అప్పుడు చదివారు. దానికేమంటారు?

మిర్చియార్డు:
అది ఆయనకే ప్రత్యేకం. అదే హదీసులో ప్రవక్త అనుచరుడు ఇబ్నె అబ్బాస్ మాట చదవలేదా? ఖలీఫా ఉమర్‌తో కలిసి, ఆ నమాజు చదివేవాళ్లని కొట్టేవాణ్నన్నారు. చొక్కా లాగితేనే ఇంత గోలా?

తుంగభద్ర:
ఆ పెద్దాయన ఉమరా? ఉమర్ పేరు చెప్పి ఎవడైనా ఎవణ్నైనా లాగొచ్చా?

గోడగడియారం:
బోర్డు సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు.

మిర్చియార్డు:
అసలు నీలాంటి వాళ్లతోనే తంటా. మా నాన్న ముప్పై ఏళ్లు మసీదు ఊడ్చి అజాన్ ఇచ్చారు. ఒకరోజు ఓ కుర్రాడు ఫోన్ తీసి హదీసు నంబరు చూపించి, రుకూకి చేతులెత్తట్లేదు, మీ నమాజే కాదన్నాడు. ఆయన అరబ్బీ చదవలేరు, ఏం చెప్తారు? అప్పట్నుంచి చివరి వరసలో, చెప్పుల అలమర పక్కన నిలబడేవారు. పోయేదాకా అక్కడే.

తుంగభద్ర:
నేను ఎవరి నమాజూ తప్పనలేదు భాయ్. మక్రూ అన్నందుకు కూడా కాదు నా బాధ. పదేళ్ల మా వాడు పక్కనే నిలబడి చదువుతున్నాడు. నన్ను లాగగానే వాడు సలాం కూడా చెప్పకుండా గోడకి అతుక్కుపోయాడు. ఇవాళ పిలిస్తే, మసీదుకి రాను అబ్బా, కొడతారు అంటున్నాడు.

బార్కస్_కుర్రోడు:
అయ్యో.

మిర్చియార్డు:
పిల్లాడి సంగతి ముందే చెప్పాల్సింది. లాగడం తప్పే. నమాజు అయ్యాక పక్కకి పిలిచి చెప్పాల్సింది. మక్రూ మాత్రం మక్రూనే.

నైట్‌డ్యూటీ:
నా ప్రశ్న ఇంకా అక్కడే ఉంది.

మిర్చియార్డు:
చదవొచ్చు చెల్లెమ్మా. హనఫీలోనూ అసర్ తర్వాత ఖజా కుదురుతుంది, పొద్దు పసుపెక్కకముందు చదివెయ్యి. ఆ రోజు అసరే మిగిలిపోతే మాత్రం పొద్దు గుంకుతున్నా సరే, ఆపొద్దు.

బార్కస్_కుర్రోడు:
మాకైతే ఫర్జ్ (తప్పనిసరి) ఖజాకి ఏ వేళైనా అడ్డు లేదు.

నైట్‌డ్యూటీ:
జజాకల్లాహ్ ఇద్దరికీ.

గోడగడియారం:
పసుపెక్కడమంటే ఎన్ని నిమిషాల ముందు? మా బోర్డు మీద అదీ ఏడాదంతా ఒకటే.