యాకోబు అంటే నిజంగా "మోసగాడు" అనేనా?

కృష్ణాతీరం
అందరికీ వందనాలు. మా బాబుకి నెల దాటింది. మా తాతయ్య పేరు యాకోబు, ఆ పేరే పెడదామని ఇంట్లో అందరం అనుకున్నాం. మొన్న ప్రార్థనకి వచ్చిన ఒక దైవసేవకుడు (పేరు, సంఘం చెప్పను) బాబుని ఒళ్ళోకి తీసుకుని "యాకోబు అంటే మోసగాడమ్మా, దేవుడే ఆ పేరు తీసేసి ఇశ్రాయేలు అని పెట్టాడు, మీరు మళ్ళీ పాతది తగిలించడం ఎందుకు" అన్నారు. మా అమ్మ ముఖం చిన్నబోయింది. మా తాతయ్య ఎనభై ఏళ్ళు ఆ పేరుతోనే బతికాడు, ఒకరి రూపాయి తినలేదు. హీబ్రూలో ఆ మాటకి అసలు అర్థం ఏంటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

బెరయవాసి
బ్రదర్, ఆ సేవకుడు చెప్పింది గాలి మాట కాదు. బైబిల్లో ఆదికాండం 27:36 తీయండి. యాకోబు అన్న ఏశావు ఏడుస్తూ, వాడికి యాకోబు అని పేరు పెట్టడం సరిగ్గానే ఉంది, నన్ను రెండుసార్లు మోసం చేశాడు అంటాడు. మొదట జ్యేష్ఠత్వం (పెద్దకొడుకు హక్కు), తర్వాత తండ్రి దీవెన. పేరుకీ పనికీ ముడిపెట్టింది వాక్యమే, మనం కాదు.

అక్షరం_ముఖ్యం
ముడిపెట్టింది వాక్యం కాదండీ, ఏశావు. అది కోపంలో ఉన్న మనిషి మాట. పేరు పెట్టిన రోజు సంగతి 25:26లో ఉంది. కవలల్లో రెండోవాడు అన్న మడమ పట్టుకుని పుట్టాడు కాబట్టి యాకోబు. హీబ్రూలో మడమని "ఆకేవ్" అంటారు, పేరేమో "యాకోవ్". పురిటి గదిలో కనిపించిన దాన్ని బట్టి పెట్టిన పేరు అంతే. అప్పటికి ఆ పసివాడు ఎవర్ని మోసం చేశాడు?

ఇంకో సంగతి. ఆ పేరు ఒక్క యాకోబుదే కాదు. ఈజిప్టులో కర్నాక్ గుడి గోడ మీద క్రీ.పూ. 15వ శతాబ్దంలో మూడో థుట్మోస్ అనే రాజు చెక్కించిన కనాను ఊళ్ళ పట్టికలో "యాకూబ్-ఏల్" లాంటి పేరు ఉంది. ఈజిప్టుని ఏలిన హిక్సోస్ అనే విదేశీ రాజుల కాలం ముద్రల మీద "యాకూబ్-హర్" అనే పాలకుడి పేరు దొరికింది. ఏల్ అంటే దేవుడు. అందుకే చాలామంది పండితులు ఇది "దేవుడు కాపాడుగాక" అనే అర్థంతో మొదలైన పేరనీ, వాడుకలో చివరి ఏల్ రాలిపోయిందనీ అంటారు. కన్న కొడుక్కి "మోసగాడు" అని ఏ తల్లీ పెట్టదు కదా.

బెరయవాసి
ఏశావు మాట ఒక్కటే అయితే ఒప్పుకునేవాడినే. యిర్మియా 9:4 చూడండి. ఏ సహోదరుణ్ణీ నమ్మొద్దు, ప్రతి సహోదరుడూ మోసం చేస్తాడు అని ప్రవక్త అంటున్నచోట హీబ్రూలో "ఆకోవ్ యాకోవ్" అని ఉంటుంది. అచ్చంగా ఆ పేరే వినిపించేలా! హోషేయ 12లో కూడా గర్భంలో అన్న మడమ పట్టుకోవడాన్ని ప్రవక్త తప్పులెన్నే చోటే గుర్తుచేస్తాడు. యిర్మియా 17:9లో హృదయం మోసకరమైనది అన్నచోట కూడా అదే ధాతువు. శిలాశాసనాలు సరే, వాక్యం చదివే ఇశ్రాయేలీయుడి చెవికి ఆ పేరులో మోసం వినపడేది. నేను విశ్వాసంతో చెప్తున్నా, ఆ మచ్చ తుడిచేస్తే కృప ఎంత పెద్దదో కూడా తెలియదు. గుడ్డి తండ్రి "నువ్వెవరు" అంటే ఏశావునని చెప్పినవాడే, యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా తనతో పోరాడినవాడు "నీ పేరేమిటి" అని అడిగితే "యాకోబు" అని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు తర్వాతే కొత్త పేరు వచ్చింది. ఆ సీన్ చదివినప్పుడల్లా నాకు కన్నీళ్ళొస్తాయి.

తెనాలి సిస్టర్
ఆ సీన్ నాకూ ప్రాణమే అన్నా. కానీ పాత పేరు తీసేశాడు అన్నది మాత్రం నిలబడదు. అబ్రాము అబ్రాహాము అయ్యాక దేవుడు మళ్ళీ అబ్రామూ అని పిలవలేదు. యాకోబు విషయంలో అలా జరగలేదు. ఆదికాండం 32లో ఒకసారి, 35లో బేతేలు దగ్గర మళ్ళీ ఒకసారి ఇశ్రాయేలు అని పేరు పెట్టిన తర్వాత కూడా, ఐగుప్తుకి బయల్దేరిన ముసలాయన బెయేర్షెబాలో ఆగితే, ఆ రాత్రి దేవుడు పిలిచింది "యాకోబూ, యాకోబూ" అని (46:2). రెండుసార్లు! చనిపోయాడనుకున్న కొడుకు యోసేపు బతికున్నాడని విని, అంత దూరం వెళ్ళడానికి భయపడుతున్న తండ్రిని, ఇంట్లోవాళ్ళు పిలిచినట్టు పిలిచాడు. అది తిట్టయితే దేవుడు ఆ రాత్రి ఆ పేరుతో ఎందుకు పిలుస్తాడు? మండుతున్న పొద దగ్గర మోషేతో కూడా "యాకోబు దేవుడను" అనే చెప్పుకున్నాడు.

ఓరుగల్లు78
నేను క్రైస్తవుణ్ణి కాదు, ముస్లింని కూడా కాదు. మా నాన్న పేరు యాకయ్య. మా వైపు వరంగల్ పల్లెల్లో యాకయ్యలు, యాకమ్మలు, యాకూబ్‌లు ఇంటికొకరు ఉంటారు. అన్నారం షరీఫ్‌లో యాకూబ్ షావలీ దర్గా ఉంది, అక్కడ మొక్కుకుంటే పుట్టిన పిల్లలకి మతం ఏదైనా ఆ పేరే పెడతారు. ఖురాన్‌లో యాకూబ్ ప్రవక్త అంటే కొడుకు యూసుఫ్ (మీ యోసేపు) కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్న తండ్రి, కొడుకు చొక్కా ముఖం మీద వేయగానే చూపొచ్చిన తండ్రి అని మా ఊరి పెద్దాయన చెప్పేవారు. మోసం కథ అందులో లేదు. మా నాన్న పేరు విని ఎవరూ మోసగాడు అనుకోలేదు.

అక్షరం_ముఖ్యం
ఎంత మంచి సంగతి చెప్పారండీ. మనవాళ్ళకి ఇంకొకటి గుర్తుచేయాలి. ఇంగ్లీషులో జేకబ్ వేరు, జేమ్స్ వేరు, తెలుగు బైబిల్లో మాత్రం రెండూ యాకోబే. జెబెదయి కుమారుడు యాకోబు, యాకోబు పత్రిక, అన్నీ ఈ పేరే. అపొస్తలుడి పేరు చదివేటప్పుడు మోసగాడు అని ఎవరికీ గుర్తురాదు, పితరుడి దగ్గరికి వచ్చేసరికి ప్రసంగాల్లో విన్నది గుర్తొస్తుంది. అనువాదం మన బుర్రలో ఎలా పాతుకుపోతుందో చూడండి, ఏశావు జ్యేష్ఠత్వం అమ్ముకున్నది మన బైబిల్లో చిక్కుడుకాయల వంటకానికి, హీబ్రూలో అది ఎర్రటి పప్పు!

బెరయవాసి గారు చూపించిన యిర్మియా వచనం గట్టిదే, దాన్ని కాదనను. ఆ పేరుతో ప్రవక్తలు శ్లేష ఆడారు. కానీ శ్లేష వేరు, అర్థం వేరు. ఆమాటకొస్తే ఇశ్రాయేలు అర్థమూ ఒక్కటి కాదు. 32:28 "దేవునితో పోరాడి గెలిచావు" అంటుంది, వ్యాకరణం ప్రకారం "దేవుడు పోరాడును" అనే అర్థం వస్తుందనేవాళ్ళూ ఉన్నారు.

బెరయవాసి
46:2 మీద నా దగ్గర జవాబు లేదు సిస్టర్, రాత్రి రెండుసార్లు చదివాను. మోసం అనే ధ్వని ఆ పేరులో ఉందన్న మాట మీద మాత్రం నేను ఇంకా ఉన్నాను. కానీ పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని తల్లితో అనాల్సిన మాట కాదది. కృష్ణాతీరం బ్రదర్, అమ్మగారికి నా వందనాలు చెప్పండి.

కృష్ణాతీరం
అందరికీ చాలా థ్యాంక్స్. 46వ అధ్యాయం అమ్మకి పైకి చదివి వినిపించాను. ఆమె ఇంకేం అనలేదు, ఉయ్యాల దగ్గరికెళ్ళి బాబుని రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది. ఆదివారం పేరు పెడుతున్నాం.