జడ కోలాటంలో జడ విప్పేటప్పుడు తాళ్ళు బిగుసుకుంటున్నాయి, తప్పు ఎక్కడుంది?

శ్రీవల్లి:
శ్రీరామనవమికి గుడి ముందు 12 మంది పిల్లలతో జడ కోలాటం (పైనుంచి వేలాడే తాళ్ళు పట్టుకుని చుట్టూ తిరుగుతూ జడలా అల్లి, మళ్ళీ విప్పే ఆట) వేయించాలి. ఏక కోలాటం, జంట కోలాటం కోపులు (ఆట తీరులు) వాళ్ళకు బాగా వచ్చు. జడ దగ్గరే చిక్కొస్తోంది. ఆరుగురు ప్రదక్షిణంగా, ఆరుగురు ఎదురుగా తిరుగుతారు. జడ రెండు మూరలు వచ్చేసరికి అందరూ మధ్యకు వచ్చేసి ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. విప్పడం మొదలుపెడితే రెండు మూడు తాళ్ళు మెలిపడి ఊడి రావడం లేదు. దూలం 12 అడుగుల ఎత్తులో ఉంది. తాళ్ళు నైలాన్‌వి, ఒక్కొక్కటి 10 అడుగులు. ఎవరు లోపలికి వెళ్ళాలో, ఎవరు బయటికి వెళ్ళాలో ఎన్నిసార్లు చెప్పినా మరిచిపోతున్నారు. తెలిసినవాళ్ళు చెప్పగలరా?

కోలలసవ్వడి:
శ్రీవల్లి గారూ, పిల్లలకు లోపల, బయట అని చెప్పకండి. తిరుగుతున్నప్పుడు ఆ లెక్క ఎవరికీ నిలవదు. భుజం లెక్క చెప్పండి. ఎదురొచ్చే మొదటి మనిషిని కుడి భుజం పక్కగా దాటాలి, రెండో మనిషిని ఎడమ భుజం పక్కగా. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. రెండు దిక్కుల వాళ్ళకూ ఇదే మాట, వేరే సూత్రం అక్కర్లేదు. ప్రదక్షిణంగా తిరిగేవాళ్ళకు నడిమి భాగం కుడివైపు ఉంటుంది కాబట్టి, మొదటి దాటులో వాళ్ళు బయటినుంచి పోతారు, ఎదురొచ్చేవాళ్ళు లోపలినుంచి పోతారు. రెండో దాటులో అది తారుమారవుతుంది. అల్లిక పడేది అలాగే.

లోపలినుంచి పోయేవాళ్ళు తల వంచి ఎదుటివాళ్ళ తాడు కిందుగా దూరాలి. బయటివాళ్ళు అదే క్షణంలో చెయ్యి పైకెత్తాలి. ఈ చెయ్యెత్తడం చాలామంది మరిచిపోతారు. అప్పుడు తాడు ఎదుటివాళ్ళ మెడకు తగులుతుంది, వాళ్ళు భయపడి పక్కకు జరుగుతారు, వరస చెదురుతుంది. మొదటి రెండు మూడు రోజులు తాళ్ళూ కోలలూ లేకుండా వట్టి చేతులతో ఈ దాటులే వేయించండి. కాళ్ళకు బాగా పట్టాక తాడు ఎడమ చేతికి ఇవ్వండి, కుడి చేతికి కోల ఆ తర్వాత.

ఇక విప్పడం. 12 మంది ఉంటే 12 దాటులకు ఎవరి చోటికి వాళ్ళు తిరిగి వస్తారు. అప్పటికి ఆఖరి దాటు ఎడమ భుజంది. ఉన్నచోటే వెనక్కి తిరిగితే ఎదురుగా కనిపించేది ఇప్పుడే దాటి వచ్చిన మనిషే. వాళ్ళను ఈసారి కుడి భుజం పక్కగా దాటితే ఆ చివరి పేట ఊడుతుంది. అంటే చుట్టు పూర్తయ్యాక ఆపితే విప్పడం కూడా కుడి భుజంతోనే మొదలు. మధ్యలో బేసి దాటు దగ్గర ఆపారా, విప్పడం ఎడమ భుజంతో మొదలుపెట్టాలి. మీ తాళ్ళు బిగుసుకోవడానికి చాలావరకు ఇదే కారణమై ఉంటుంది. చుట్టు పూర్తయ్యేదాకా ఆపకుండా ఉంటే ఆ గొడవే ఉండదు.

పందిరిగుంజ:
పిల్లలు మధ్యకు వచ్చెయ్యడం వాళ్ళ తప్పు కాదండీ, తాడు చాలడం లేదు. లెక్క చూడండి. దూలం 12 అడుగులు, చెయ్యి నేలనుంచి సుమారు 4 అడుగుల ఎత్తున ఉంటుంది. అంటే పైనుంచి చేతిదాకా నిలువు 8 అడుగులు. నడిమినుంచి 6 అడుగుల దూరంలో నిలబడితే తాడు సరిగ్గా 10 అడుగులు సాగుతుంది. మొదట్లో మీకు సరిపోయింది అందుకే. జడ 3 అడుగులు దిగేసరికి అందులోకి ఒక్కో తాడు 4 అడుగులకు పైనే పోతుంది, ఏటవాలుగా చుట్టుకుంటుంది కదా. మిగిలింది ఆరు అడుగులకు లోపు. దానితో నడిమినుంచి 3 అడుగుల దూరం కూడా నిలవలేరు. మొదట ఒక్కొక్కరికి మూడడుగుల జాగా ఉండేది, ఇప్పుడు అడుగున్నర. అందులో పక్కగా దాటడం ఎలా కుదురుతుంది?

తాడు 14 అడుగులు తీసుకోండి. పైన ముడికి ఒక అడుగు, చేతి పట్టుకు ఒక అడుగు పోగా 12 ఆటకు మిగులుతుంది. ఎక్కువైన తాడును మడతలుగా గుప్పిట్లో పట్టుకుని, జడ పెరిగేకొద్దీ వదలమనండి. మణికట్టుకు చుట్టుకోనివ్వకండి, ఎవరైనా గుంజితే చెయ్యి కోసుకుంటుంది.

నైలాన్ మానెయ్యండి. అది జారుతుంది, జడ వదులవుతుంది, కింద అల్లుతుంటే పైన జారిపోతుంది. నూలు తాడైతే నిలుస్తుంది. తాళ్ళన్నీ ఒక ఇనుప రింగుకు సమదూరంలో కట్టి, ఆ రింగు తిరగకుండా దూలానికి బిగించాలి. తిరిగే కొక్కేనికి వేలాడదీస్తే ఒకవైపు బలంగా లాగినప్పుడల్లా జడ మొత్తం తిరిగిపోతుంది.

శ్రీవల్లి:
ఇద్దరికీ చాలా థాంక్సండీ. భుజం లెక్క ఇవాళే చెప్తాను. ఒక్క సందేహం. నడుమ ఎవరో ఒకరు తప్పితే, ఆ తప్పు ఎక్కడ జరిగిందో ఎలా కనిపెట్టాలి?

మద్దెలదరువు:
రంగులతో తెలుస్తుంది. ప్రదక్షిణంగా తిరిగే ఆరుగురికీ ఎరుపు, ఎదురు తిరిగేవాళ్ళకు పసుపు ఇవ్వండి. సరిగ్గా అల్లితే జడమీద ఎరుపు, పసుపు గళ్ళు చదరంగం పలకలా పడతాయి. ఎక్కడైనా ఒకే రంగు గళ్ళు రెండు ఆనుకుని కనిపిస్తే ఎవరో ఒకే భుజంతో వరసగా రెండుసార్లు దాటారన్నమాట. కనిపించగానే ఈల వేసి ఆపి, ఆ దాటుదాకా వెనక్కి విప్పించి మళ్ళీ వెయ్యండి. చూసీ చూడనట్టు వదిలేస్తే, విప్పేటప్పుడు అందరూ సరైన వరసలో వచ్చినా ఆ రెండు తాళ్ళు మాత్రం ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. ఆ పైన ఉన్నదేదీ ఊడదు.

పాట సంగతి కూడా చూసుకోండి. ఆది తాళమైతే ఒక ఆవృతానికి (తాళం ఒక్కసారి పూర్తయ్యే లెక్కకు) ఒక దాటు పెట్టుకోవచ్చు, చుట్టుకు 12 ఆవృతాలు. పల్లవి, చరణం ఆ 12లో సర్దుకునేలా ముందే లెక్కపెట్టండి, లేకపోతే పాట ఒకచోట, పిల్లలు ఇంకోచోట ఆగుతారు. మామూలు కోలాటంలో చివరికి వచ్చేకొద్దీ లయ పెంచడం అలవాటు కదా, జడ విప్పేటప్పుడు అది అస్సలు వద్దు. అల్లిన వేగంలోనే విప్పాలి. మద్దెల వాయించేవాళ్ళకు ఈ మాట విడిగా చెప్పి ఉంచండి. తాడు చేతిలో ఎప్పుడూ కొంచెం బిగువుగా ఉండాలి, గుంజకూడదు. ఒక్కరు వదులుగా పట్టుకున్నా వాళ్ళ తాడు ఉచ్చులా వేలాడి పక్కవాళ్ళ కోలకు తగులుకుంటుంది.